కార్వెల్ నదిలో నీళ్లు పెరిగేదాకా

పొద్దున లేవగానే అచ్యుతరావు ఫోన్ తీసి ఒక నది ఎత్తు చూసుకునేవాడు. ఆయన ఉండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. అక్టోబరు వచ్చినా పదింటికల్లా గోడలు వేడెక్కిపోయే ఊరు. ఆయన చూసే నదేమో వెయ్యి మైళ్లకు పైగా ఉత్తరాన, వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో ఉంది. దాని పేరు కార్వెల్. నీటిమట్టం చూపించే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో గీత గంటకోసారి మారుతుంది. ఆయన పావుగంటకోసారి చూసేవాడు. గీత మాత్రం నేల మీద పడేసిన తాడులా కదలకుండా ఉండేది.

“ఏమండీ, అదేమన్నా స్టాక్ మార్కెట్టా?” అంది జయంతి, పెనం మీద దోసె తిరగేస్తూ.

“నూట నలభై క్యూసెక్కులు. నిన్నా అంతే, ఇవాళా అంతే.”

“పెరక్కపోతే ఏమవుతుంది?”

“చేపలు రావు. సముద్రం దగ్గరే ఆగిపోతాయి. వాన పడి నది కాస్త పొంగితేనే పైకి ఎక్కుతాయి.”

“పాపం, మీకూ వాటికీ ఒకటే తొందర” అని ఆవిడ దోసె ఆయన పళ్లెంలో వేసింది. ఆయన దాన్ని చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

అచ్యుతరావుకు డెబ్బై ఒకటి. నీటిపారుదల ఇంజనీరుగా ముప్పై ఏళ్లు అరిజోనా కాలువల మీద పనిచేసి రిటైరయ్యాడు. చేపలు తినడం తప్ప పట్టడం ఎరగడు. అలాంటి మనిషి జులైలో ఒకరోజు పేపరు చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. కార్వెల్ నది మీద ఉన్న డ్యామును కూల్చేసి ఆరేళ్లయిందట. సాల్మన్ చేపలు మళ్లీ పైకి వస్తున్నాయట. ఈ శరత్కాలం మొదటిసారిగా అక్కడ చేపలు పట్టనిస్తారట. వెంట గైడ్ ఉండాలి, పట్టిన చేపను పట్టినట్టే నీళ్లలో వదిలేయాలి. ఆ వార్త నాలుగుసార్లు చదివి, మర్నాడే ఒక గైడ్‌కి ఫోన్ చేశాడు.

ఆవిడ పేరు మార్లీన్. అరవై దాటిన గొంతు. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడే రకం కాదు.

“ఇదివరకు ఫ్లై ఫిషింగ్ చేశారా?”

“లేదు.”

“మామూలు ఫిషింగ్?”

“అదీ లేదు.”

“ఈత?”

“రాదు.”

“సరే. అక్టోబరు పన్నెండున రండి. ఈలోగా విసరడం ప్రాక్టీస్ చేయండి. కొక్కెం వద్దు, ఎవరి కన్నైనా పోతుంది. ఒక ఊలు ముక్క కట్టుకోండి చాలు.”

మామూలు గాలానికి ఎర బరువు. ఈ పద్ధతిలో ఎరకు బరువే ఉండదు. ఈకలు, దారాలు చుట్టి పురుగులా తయారుచేసిన చిన్న కొక్కెం అది. బరువంతా దారానిదే. ఆ దారాన్ని వెనక్కి లాగి, అది గాలిలో పూర్తిగా విచ్చుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు విసరాలి. ఆగడంలోనే ఉంది విద్యంతా. అచ్యుతరావుకు రానిది సరిగ్గా అదే. రోజూ ఆరింటికి ఇంటి పక్క పార్కులో గడ్డి మీద నిలబడి విసిరేవాడు. దారం విచ్చుకోకముందే చెయ్యి ముందుకు వెళ్లిపోయేది. ఎర్ర ఊలు ముక్క ఒకసారి ఆయన చెవికి, ఒకసారి బెంచీకి, ఒకసారి స్ప్రింక్లర్‌కి చుట్టుకుంది.

“చెర్నాకోల ఝుళిపిస్తున్నట్టుందయ్యా” అన్నాడు కృష్ణమూర్తి. ఆయన రిటైరైన గుండె డాక్టరు, పక్క వీధి. రోజూ అదే పార్కులో వాకింగ్ చేస్తాడు. “సాల్మన్ అంటే మన పులసలాంటిదే కదా? ఎదురీదుకుంటూ వచ్చేదే. ఎంత సైజుది తెస్తావు?”

“తేవడం లేదు. పట్టి వదిలేయాలి.”

“వదిలేయడానికా ఇంత హడావుడి? ఫ్లైట్ టికెట్, హోటల్, కార్, ఈ గాలం కర్ర! ఇంత చేసి పులుసు లేదా?” ఆయన నిజంగానే బాధపడ్డాడు. “పోనీ, ఎందుకు వెళ్తున్నట్టు?”

అచ్యుతరావు దారం చుట్టుకుంటూ “ఊరికే” అన్నాడు.

ఎనిమిదో తారీఖున మార్లీన్ ఫోన్ చేసింది. వాన లేదు, పన్నెండు కుదరదు, పంతొమ్మిదికి మార్చుకుందామంది. ఆయన పంతొమ్మిదికి టికెట్లు మార్చాడు. పదహారున మళ్లీ ఫోన్. ఇప్పటికీ వాన లేదు.

“చూడండి, మీరు కొత్తవాళ్లు” అంది మార్లీన్. “ఇంకో గంట ప్రయాణం చేస్తే పెద్ద నది ఉంది. అక్కడ ఎప్పుడూ నీళ్లుంటాయి, చేపలుంటాయి. మొదటిసారికి అదే మంచిది. అక్కడికి తీసుకెళ్తాను.”

“వద్దు. కార్వెలే.”

“ఎందుకని?”

“పేపర్లో చదివాను.”

“ఇక్కడ చేపలు ఇంకా తక్కువ. రోజంతా నిలబడినా ఒక్కటి కూడా తగలకపోవచ్చు.”

“ఫరవాలేదు. మూడు వందల క్యూసెక్కులు దాటితే చాలు కదా? పాత పవర్‌హౌస్ దగ్గర కుడిగట్టు వైపు లోతు ఎక్కువ. టర్బైన్ నీళ్లు అటే వచ్చి గుంట చేసేవి. అక్కడైనా ఆగుతాయి కదా చేపలు?”

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

“మీరు ఇక్కడికి ఎప్పుడైనా వచ్చారా?” అంది మార్లీన్ నెమ్మదిగా.

“లేదు. మ్యాప్‌లో చూశాను.”

ఫోన్ పెట్టేశాక ఆయన ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాడు. గరాజ్‌లోకి వెళ్లి, ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని చూసుకున్నాడు. విప్పాడు. బూట్లు తుడిచాడు. ఫిషింగ్ లైసెన్స్ ఇంకోసారి ప్రింట్ తీశాడు. వరండాలోకి వెళ్లి, ఎండకు తట్టుకోలేక మళ్లీ లోపలికి వచ్చాడు. ముప్పై ఏడేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఒక అపరిచితురాలితో సగం వాగేశానని తనను తానే తిట్టుకున్నాడు.

సంగతి ఇదీ. పంతొమ్మిదివందల ఎనభై అయిదులో అచ్యుతరావు పోర్ట్‌లాండ్‌లో ఒక డిజైన్ కంపెనీలో ఇంజనీరు. ముప్పై రెండేళ్ల వయసు. కార్వెల్ డ్యాము సొంతదారైన విద్యుత్ కంపెనీ, చేపలు డ్యామును ఎక్కి దాటడానికి ఒక పక్కన సిమెంటు మెట్లు కట్టించాలనుకుంది. అడుగు ఎత్తుకొక చిన్న తొట్టి, అలా అరవై తొట్లు. చేప ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎగురుతూ పైకి పోతుంది. మెట్లు కట్టడం కష్టం కాదు. కానీ మెట్లు ఎక్కడున్నాయో చేపకు తెలియాలి కదా. మెట్ల అడుగు నుంచి వచ్చే నీటి వడిని బట్టే అది దారి పట్టుకుంటుంది. ఆ వడికి రెండు వందల క్యూసెక్కులు కావాలని అచ్యుతరావు లెక్క తేల్చాడు. విద్యుత్ కంపెనీ అరవైకి మించి ఇవ్వనంది. ఆ నీళ్లు టర్బైన్‌కి కావాలి.

“అరవైతో పని జరిగేట్టు లెక్క చూపించు” అన్నాడు ఆయన పైఅధికారి. ఆ అధికారి సొరుగులోనే అచ్యుతరావు గ్రీన్ కార్డ్ కాగితాలున్నాయి. ఆ మాట ఆయన అనలేదు, అననక్కర్లేదు కూడా. నాలుగు రోజులు అచ్యుతరావు అన్నం సరిగ్గా తినలేదు. అయిదో రోజున లెక్కలో ఒక గుణకాన్ని మార్చాడు. అరవై సరిపోయింది. సంతకం పెట్టాడు.

రెండేళ్ల తర్వాత మెట్లు తయారయ్యాక, ఒక అక్టోబరు మధ్యాహ్నం ఒక్కడే చూడ్డానికి వెళ్లాడు. మెట్లు ఖాళీగా ఉన్నాయి. చేపలన్నీ అవతల, టర్బైన్ నీళ్లు ధారగా పడేచోట పోగయ్యాయి. వందల చేపలు. వడి ఎక్కడుంటే దారి అక్కడే ఉందనుకుని సిమెంటు గోడకేసి ఎగురుతున్నాయి, పడుతున్నాయి, మళ్లీ ఎగురుతున్నాయి. కొన్నింటికి మూతులు చెక్కుకుపోయి తెల్లటి ఎముక కనిపిస్తోంది. ఊళ్లోవాళ్లు నడుములోతు నీళ్లలో నిలబడి, వలలతో వాటిని తీసి బకెట్లలో వేసుకుని, ట్రక్కుల్లో డ్యాము పైకి మోస్తున్నారు. ఒకాయన అచ్యుతరావు నెత్తి మీదున్న కంపెనీ టోపీని చూసి, ఇంకో బకెట్ ఎత్తుకుని వెళ్లిపోయాడు.

అదంతా మార్లీన్‌కి ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. ఆ మాటకొస్తే ఇంట్లో చెప్పే సంగతీ కాదు. ఎందుకంటే దానికి ఇంకో సగం ఉంది.

మర్నాడు పొద్దున అచ్యుతరావు పార్కులో ఊలు ముక్క విసురుతుండగా ఇంట్లో జయంతి ఫోన్ మోగింది. అత్యవసరానికి ఎవరికి చెప్పాలని మార్లీన్ అడిగినప్పుడు ఆయన భార్య నంబరే ఇచ్చాడు మరి. ఆయన ఫోన్ ఎత్తడం లేదని మార్లీన్ ఇటు చేసింది. ఇరవై ఒకటి తర్వాత పెద్ద వాన ఉంది, ఇరవై అయిదుకి ఖాయం చేసుకోండి అంది. పెట్టేయబోతూ ఆగింది.

“ఒక్క మాట. మీ ఆయన ఇక్కడ పనిచేశారా? టర్బైన్ నీళ్లు ఏ గట్టున పడేవో ఆయనకు తెలుసు. అది మ్యాపుల్లో ఉండదు. ‘క్యూసెక్’ అంటున్నారు. మామూలుగా చేపలు పట్టేవాళ్లు ఆ మాట అనరు.”

అచ్యుతరావు చెమటతో ఇంటికి వచ్చేసరికి జయంతి డైనింగ్ టేబుల్ దగ్గర చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. స్టవ్ మీద పప్పు ఉడుకుతోంది.

“ఇరవై అయిదున రమ్మంది” అంది. “కార్వెల్ మనం పోర్ట్‌లాండ్‌లో ఉన్నప్పటి ప్రాజెక్టా?”

ఆయన కర్రను గోడకు ఆనించాడు. అది జారి పడింది. మళ్లీ ఆనించాడు. “అవును” అన్నాడు. ఆ తర్వాత ఆపుకోలేకపోయాడు. రెండు వందలు, అరవై, గుణకం, సంతకం, గోడకేసి కొట్టుకునే చేపలు, అన్నీ చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ ఆవిడ కళ్లు ఆయన మొహం మీదే ఉన్నాయి. ఆయన చూపు టేబుల్ మీదున్న ఉప్పు డబ్బా మీద ఉంది.

“ఇది చూసి వచ్చింది ఎప్పుడు?” అంది.

“ఎనభై ఏడు. అక్టోబర్.”

“మనం ఇటు ఫీనిక్స్ వైపు వచ్చింది ఎనభై ఎనిమిది జనవరిలో.”

ఆయన ఉప్పు డబ్బాను పక్కకు జరిపాడు.

“ట్రాన్స్‌ఫర్ కంపెనీ చేసిందా, మీరు అడిగారా?”

అబద్ధం చెప్పొచ్చు. ముప్పై ఏడేళ్ల కిందట చెప్పిందే మళ్లీ చెప్పొచ్చు. కంపెనీ ఆర్డర్, వెళ్లకపోతే ఉద్యోగం పోతుంది, గ్రీన్ కార్డ్ ఆగిపోతుంది. అప్పట్లో జయంతి పోర్ట్‌లాండ్‌లో కెమిస్ట్రీలో పీహెచ్‌డీ రెండో ఏడు చదువుతోంది. ల్యాబులో తనకంటూ ఒక బల్ల ఉండేది. ఇంకో రెండేళ్లుంటే డాక్టరేటు వచ్చేది. ఆర్డర్ అనగానే మారుమాట లేకుండా పెట్టెలు సర్దింది. తర్వాత చరిత పుట్టింది. ఇల్లు, బడి, లోన్లు. కమ్యూనిటీ కాలేజీలో ఇరవై నాలుగేళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పింది, పేరు ముందు డాక్టర్ లేకుండా.

“నేనే అడిగాను” అన్నాడు అచ్యుతరావు. “ఆ నది చుట్టుపక్కల ఉండలేకపోయాను. నువ్వు ఆగిపోదామంటావేమోనని ఆర్డర్ అన్నాను.”

జయంతి లేచి స్టవ్ ఆపింది. పర్సు తీసుకుంది. కార్ తాళాలు తీసుకుంది. గరాజ్ తలుపు లేచిన చప్పుడు, దిగిన చప్పుడు వినిపించాయి.

ఏడెనిమిది గంటలు ఆయన ఇంట్లో తిరిగాడు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి పెరట్లోకి. రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. టెక్సస్‌లోని కాపెల్ నుంచి కూతురు చరిత వీడియో కాల్ చేస్తే ఎత్తాడు.

“నాన్నా, అమ్మ చెప్పింది మొన్న. సీరియస్‌గా వెళ్తున్నావా? నీకు స్విమ్మింగే రాదు కదా! ఆ వాటర్ ఎంత కోల్డ్ ఉంటుందో తెలుసా? సెవెంటీ వన్‌లో ఎవరైనా స్టార్ట్ చేస్తారా ఇది?”

“గైడ్ ఉంటుందమ్మా.”

“గైడ్ ఉంటే? స్లిప్ అయితే? అమ్మ ఎక్కడ, అమ్మకి ఇవ్వు.”

“బయటికి వెళ్లింది.”

“ఈ ఎండలోనా? ఎక్కడికి?”

“తెలీదు” అన్నాడు. కూతురు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, “నాన్నా, ఏమైంది?” అంది. ఆయన సిగ్నల్ బాగాలేదని పెట్టేశాడు. ఆ రోజంతా నది గీత ఒక్కసారి కూడా చూడలేదని ఆయనకు సాయంత్రం గుర్తొచ్చింది.

జయంతి మూడున్నరకు వచ్చింది. ఎక్కడికెళ్లిందో చెప్పలేదు. మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడంది: “నాకూ టికెట్ బుక్ చేయండి.”

“నువ్వూ వస్తావా? చేపలు పట్టడానికా?”

“చూడ్డానికి. నా పీహెచ్‌డీ ఏ చేపల కోసం పోయిందో చూడొద్దూ!”

ఇరవై రెండున గీత లేచింది. నూట నలభై కాస్తా రెండు వందల పదయింది, సాయంత్రానికి నాలుగు వందలు, మర్నాటికి తొమ్మిది వందలు. ఎవరితోనైనా చెప్పాలని అచ్యుతరావు ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. జయంతి ఆయన వైపు చూడకుండానే “స్వెట్టర్లు పైన అలమరాలో ఉన్నాయి” అంది. ఆ మూడు రోజులూ ఇద్దరి మధ్యా ఆ మాదిరి మాటలే. ఇరవై నాలుగున విమానం దిగి, పోర్ట్‌లాండ్ మీదుగా రెండున్నర గంటలు డ్రైవ్ చేశారు. ఊరు దాటుతున్నంతసేపూ ఆవిడ మొహం కిటికీ వైపే ఉంది. ఒక వంతెన దాటాక మాత్రం “ఇక్కడ బస్ దిగేదాన్ని” అంది. ఆయనతో అన్నట్టు కాదు.

మర్నాడు పొద్దున ఏడింటికి మార్లీన్ నది ఒడ్డున ట్రక్కు దగ్గర ఎదురుచూస్తోంది. పొట్టి మనిషి, నెరిసిన జడ, గట్టి చేతులు. నది మీద పొగమంచు. డ్యాము ఉండేచోట ఇప్పుడు ఏమీ లేదు. రెండు వైపులా కొండరాతి మీద, గోడ ఆనుకున్నంత మేర రంగు వెలిసిన చార మాత్రం ఉంది. మధ్యలోంచి నీళ్లు ఏమీ ఎరగనట్టు పోతున్నాయి. అచ్యుతరావు ఆ చారను చూస్తూ నిలబడిపోతే మార్లీన్ ఆయన నడుముకు బెల్టు బిగించి, చేతికి ఒక ఊతకర్ర ఇచ్చింది.

“కాలు ఎత్తకండి. జరపండి. ముందు కర్ర, తర్వాత కాలు.”

నీళ్ల చలి రబ్బరులోంచి ఎముకలకు తగిలింది. మోకాళ్ల లోతులో మార్లీన్ ఆయన్ని ఆపింది. విసరమంది. విసిరాడు. దారం కుప్పగా ఆయన ముందే పడింది.

“ఆగడం లేదు మీరు. వెనక్కి పోనిచ్చి, ఆగి, అప్పుడు. తొందరేముంది?”

మళ్లీ విసిరాడు. మళ్లీ కుప్ప. పదిసార్లు, ఇరవై సార్లు. ఒడ్డున మడత కుర్చీలో శాలువా కప్పుకుని కూర్చున్న జయంతి లేచి నీళ్ల అంచు దాకా వచ్చింది.

“ఏమండీ” అని తెలుగులో పిలిచింది. “మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

అచ్యుతరావు గాలం కర్ర దించాడు. నీళ్ల హోరులో గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. “మార్లీన్, నేను మీతో అబద్ధం చెప్పాను. ఇక్కడి చేపల మెట్లు నేనే డిజైన్ చేశాను. అవి పనిచేయవని నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.”

మార్లీన్ ఆయన చేతిలోంచి కర్ర తీసుకుని, వదులుగా కొట్టుకుపోతున్న దారాన్ని మెల్లగా చుట్టింది. మొత్తం చుట్టేదాకా తల ఎత్తలేదు.

“నాకప్పుడు ఇరవై నాలుగు” అంది. “మా నాన్న, నేను, మా తమ్ముడు. నాలుగేళ్లు మోశాం బకెట్లు. నాలుగో ఏడు మోయడానికి చేపలే లేవు.” ఆవిడ కుడి భుజం ఎత్తబోయి సగంలో ఆపింది. “ఇంతకంటే పైకి లేవదు ఇది. మీరు పెట్టకపోతే ఇంకొకరు పెట్టేవారు సంతకం అని నన్ను అనమంటారా?”

“వద్దు.”

“మంచిది. అనను.”

అచ్యుతరావు గట్టెక్కి వెళ్లిపొమ్మంటుందనుకున్నాడు. వెళ్లిపోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. కానీ మార్లీన్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఎగువకు నడిపించింది, ఎడమగట్టు వైపు, ఆయన మెట్లు ఉండేచోటికి. అక్కడ ఇప్పుడు గులకరాళ్లు, పలచటి వేగమైన నీళ్లు.

“కదలకండి. నీళ్లను కాదు, నీళ్ల కింద చూడండి.”

మొదట రాళ్లే కనిపించాయి. తర్వాత ఒక రాయి కదిలింది. వీపు నల్లటి ఆకుపచ్చ, పక్కలు ముదురు ఎరుపు. మూర పొడవు. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మూడు. ఎగరడం లేదు, కొట్టుకోవడం లేదు. తోక ఊపుకుంటూ, ఏటవాలుగా ఈదుకుంటూ, ఆయన రెండు కాళ్ల పక్కనుంచి పైకి పోతున్నాయి. ఒకటి ఆయన పిక్కను రాసుకుంటూ వెళ్లింది. అచ్యుతరావు ఊపిరి బిగబట్టాడు. ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాడు ఇన్నాళ్లూ.

“జయంతీ! ఇటు రా, చూడు!” అని అరిచాడు.

ఆవిడ అప్పటికే గట్టు వెంబడి వచ్చి, ఒక బండ మీద వంగి చూస్తోంది. శాలువా కొంగు నీళ్లలో తడుస్తున్నా గమనించలేదు.

“మీరు ఫిషింగ్‌కి వచ్చారు. పట్టండి” అని మార్లీన్ కర్ర తిరిగి ఆయన చేతిలో పెట్టింది. గొంతులో మెత్తదనం లేదు, కోపమూ లేదు. “వాటి ముందుకు విసరండి, మీద కాదు.”

ఆ పూట ఆయన ఎన్నిసార్లు విసిరాడో తెలియదు. పదకొండు దాటాక ఒకసారి దారం విచ్చుకుని సాఫీగా వెళ్లి పడింది. రెండు గజాలు కొట్టుకుపోయి ఆగింది. రాయికి చిక్కుకుందనుకుని లాగాడు. రాయి అవతలి గట్టుకు పరుగెత్తింది.

“పోనివ్వండి! పోనివ్వండి! పట్టుకోవద్దు!” మార్లీన్ కేకలు. దారం చుట్టే చక్రం గిర్రున తిరుగుతోంది. కర్ర విల్లులా వంగింది. ఎర్రటి చేప గాలిలోకి లేచి, అడ్డంగా పడి, మళ్లీ లేచింది. ఒక నిమిషమో, రెండు నిమిషాలో. అచ్యుతరావు పళ్లు బిగించి, పోనివ్వమన్న మాట మరిచిపోయి గట్టిగా పట్టాడు. దారం పుటుక్కుమని తేలికైపోయింది.

ఆయన ఖాళీ దారం చూసుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. ఒడ్డు మీద జయంతి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు నిలబడిందో ఆవిడకే తెలియనట్టుంది.

మర్నాడు మోటెల్‌లో కాఫీ తాగుతూ జయంతి కార్ తాళాలు అడిగింది. “పోర్ట్‌లాండ్ వెళ్లొస్తాను. సాయంత్రానికి వచ్చేస్తా.”

“నేనూ...”

“నేనొక్కదాన్నే.”

ఆవిడ కారు మలుపు తిరిగేదాకా చూసి, అచ్యుతరావు గదిలోకి వెళ్లాడు. పది నిమిషాలు కూర్చోలేకపోయాడు. నడుచుకుంటూ వంతెన దాకా వెళ్తే అక్కడ మార్లీన్ కటకటాలకు ఆనుకుని ఉంది, చేతిలో బొటనవేలితో నొక్కే చిన్న లెక్కింపు యంత్రం. దాటిపోయే చేపలను రాష్ట్రం వాళ్ల కోసం లెక్కపెడుతోందట, జీతం లేని పని. ఆయన్ని చూసి పలకరించలేదు. కాసేపటికి భుజం రుద్దుకుంటూ ఆ యంత్రం ఆయన చేతికిచ్చింది.

“నాకు ఇంకో గైడింగ్ ఉంది. రెండింటిదాకా నిలబడగలరా? పైకి పోయేవే నొక్కండి. కిందికి జారి మళ్లీ వచ్చినవి రెండుసార్లు నొక్కకండి. అనుమానం వస్తే నొక్కకండి.”

రెండింటిదాకా అంటే ఆయన నాలుగున్నరదాకా నిలబడ్డాడు. కాళ్లు లాగాయి, ఒకచోట ఉండలేక వంతెన మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాడు, కానీ కళ్లు నీళ్ల మీంచి తియ్యలేదు. జయంతి కారు వచ్చి వంతెన పక్కన ఆగింది. దిగి వచ్చి పక్కన నిలబడింది.

“బిల్డింగ్ ఉంది. ల్యాబ్ తీసేసి ఏవో ఆఫీసులు పెట్టారు” అంది. “కింద క్యాంటీన్‌లో కాఫీ తాగి వచ్చాను. నా పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను ప్రొఫెసరనుకుంది. కాదని చెప్పాను.”

ఆయన ఏదో అనబోయాడు.

“సారీ ఇప్పుడు చెప్పకండి. నా కోపం పోలేదు. చాండ్లర్ వెళ్లాక కూడా ఉంటుంది. ఎన్నాళ్లుంటుందో నాకూ తెలీదు.”

“సరే” అన్నాడు.

కింద రెండు చేపలు వంతెన నీడలోంచి బయటపడ్డాయి. ఆయన బొటనవేలు రెండుసార్లు కదిలింది. జయంతి కటకటాల మీదుగా వంగి చూసింది.

“ఎన్ని ఇప్పటికి?”

“నూట పన్నెండు.”

“ఆ ఎడమవైపు బండ పక్కన ఇంకోటి ఉంది. అది చూశారా?”

ఆయన చూడలేదు. కళ్లజోడు సర్దుకుని వంగి, ఆవిడ వేలు చూపించిన చోట వెతకడం మొదలుపెట్టాడు.